ఏడో నంబరు బొమ్మ

రేవుపాలెం మునిసిపాలిటీ వారి ఆధునిక చిత్రశాలను ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవరు. చిత్రశాలకు పోనిమ్మంటే రిక్షావాడు ఏదో ఒక ఫొటో స్టూడియో ముందు దింపుతాడు. బొమ్మల మేడ అంటే మాత్రం గోదావరి గట్టు పక్కన, గ్రంథాలయం వెనక ఉన్న పెంకుల మేడ దగ్గరికి సరాసరి తీసుకెళ్తాడు. కింద అంతస్తులో మునిసిపాలిటీ వారి దోమల మందు డబ్బాలు, పై అంతస్తులో నూటపన్నెండు బొమ్మలు. ఆ నూటపన్నెండింటికీ పదకొండేళ్ళుగా వీరవేణే ఇన్‌ఛార్జి. క్యూరేటర్ అనే పోస్టు కాగితం మీద ఉంది కానీ అందులో ఎవర్నీ వెయ్యలేదు. గుమస్తాగా చేరిన ఆమె నెత్తినే ఆ పని పడింది. ఆమె ఏనాడూ దాన్ని బరువనుకోలేదు.

రిజిస్టరులో ఏడో నంబరు బొమ్మ పేరు ‘నాట్ల వేళ’. అయిదడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు. పొలం గట్టు మీద కూర్చుని బిడ్డకి పాలిస్తున్న ఒక కూలి స్త్రీ. పైట జారిన భుజం, వెనక నీళ్ళు నిండిన మడి, ఆ నీళ్ళలో మబ్బు. 1971లో ఢిల్లీలో బహుమతి వచ్చింది దానికి. వేసినవాడు డ్రాయింగు మాస్టారు వెంకటరాజు, వీరవేణి తండ్రి. ఆయన దాన్ని ఊరికే ఇచ్చేశాడు మునిసిపాలిటీకి. ఊళ్ళోకి పెద్దమనుషులెవరు వచ్చినా ముందు ఆ బొమ్మ ఎదట నిలబెట్టేవారు.

2003 పుష్కరాలకి మేడకి సున్నాలు వేశారు, లైట్లు మార్చారు. పుష్కరాలు ఇంకా వారం ఉన్నాయనగా, బుధవారం పదకొండు గంటలకి మినిస్టరు గారొచ్చి మళ్ళీ తెరవాలని ముహూర్తం పెట్టారు. ‘నాట్ల వేళ’ని పోస్టరు మీద అచ్చు వేయించి, బస్టాండు మొదలుకొని చుట్టుపక్కల ఊళ్ళ బడిగోడల దాకా అంటించారు. పోస్టరు ఇరుకైంది కనుక గట్టూ మడీ మబ్బూ కత్తిరించేసి మనిషిని మాత్రం మిగిల్చారు. కింద వీరవేణి రాసిన వాక్యం: ‘మాతృత్వపు నిశ్చలత’.

సోమవారం మధ్యాహ్నం ఆమె బొమ్మల కింద చీటీలు అంటిస్తోంది. ముప్ఫై మూడేళ్ళవాడు ఒకతను మెట్లెక్కి వచ్చి, చెప్పులు గుమ్మం బయటే విడిచాడు.

“మీరేనాండి ఇన్‌ఛార్జి గారు?”

“నేనేనండి. ఇంకా తెరవలేదు. ఎల్లుండి తెరుస్తారు, అప్పుడు రండి.”

“బొమ్మలు చూడ్డానికి రాలేదండి.” చంకలోంచి కాగితపు చుట్ట తీసి బల్ల మీద పరిచాడు. గోడ మీంచి పీకిన పోస్టరు. మూల చిరిగి, వెనక ఇంకా మైదాపిండి జిగురు ఉంది. “నా పేరు కిరణ్ కుమార్. చినలంక ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. ఈవిడ మా అమ్మండి, సువార్తమ్మ.”

వీరవేణి నవ్వబోయి అతని మొహం చూసి ఆగింది.

“ఇది ఎవర్నీ చూసి వేసింది కాదండి. మా నాన్నగారు ఊహించి వేశారు.”

“మీ పెదనాన్నగారి పొలాలు చినలంకలోనే కదండీ?”

“అవును.”

అతను బొమ్మ ఎడమ భుజం మీద వేలు పెట్టాడు. అక్కడ ముదురు రంగులో చిన్న మచ్చ ఉంది. ఆకు నీడ అక్కడ పడిందని వీరవేణే పోయినసారి అచ్చయిన కేటలాగు పుస్తకంలో రాసింది.

“చిన్నప్పుడు మా అమ్మ మీద గంజి ఒలికిందండి. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. మా పేటలో ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆ ఒళ్ళో ఉన్నది నేను.” వేలు వెనక్కి తీసుకున్నాడు. “మా స్కూలు గోడకి రెండు అంటించారు. నాలుగో క్లాసు పిల్ల అడిగింది, మాస్టారూ, ఇది మీ అమ్మగారంట కదా అని. మా అమ్మ ఆదివారం గుళ్ళో ప్రార్థనకి రాలేదండి. నాకు తెలిసి గుడి మానడం అదే మొదటిసారి.”

పోస్టర్లు తీయించాలి, బొమ్మ కూడా దింపాలి. అతను కోరింది ఆ రెండే. కమిషనర్ గారికి అర్జీ ఇచ్చాడట. ప్రభుత్వ ఆస్తిని దింపడం కుదరదన్నారట.

“మా పేట కుర్రాళ్ళు ఫంక్షన్‌కి వచ్చి చింపేస్తామంటున్నారు. వద్దని నేను ఆపుతున్నాను. ఎల్లుండి దాకా ఆపగలనేమో. అందుకే మీ దగ్గరికి వచ్చానండి,” అని పోస్టరు అక్కడే వదిలి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వీరవేణి ఇంటికెళ్ళేసరికి వెంకటరాజు వరండాలో పడక కుర్చీలో ఉన్నాడు. డెబ్భై ఆరేళ్ళు. శుక్లాలకి ఆపరేషనయ్యాక చూపు కొంచెం నయం. బుధవారానికి ఇస్త్రీ చేయించిన పంచె, కండువా పక్కనే స్టూలు మీద ఉన్నాయి.

“నాన్నగారూ, చినలంకలో సువార్తమ్మ అని మీకు తెలుసా?”

“చిట్టియ్య కోడలు,” అన్నాడాయన. “మీ పెదనాన్న దగ్గర పని చేసేవారు ఆ ఇంట్లోవాళ్ళు. ఏం?”

“ఏడో నంబరు బొమ్మలో ఉన్నది ఆవిడేనా?”

“ఎవరు చెప్పారు?”

“వాళ్ళబ్బాయి వచ్చాడు. ఊహించి వేశానని కదా నాకు చెప్పారు.”

“ఊహ అంటేనే గౌరవంగా ఉండేదమ్మా ఆ రోజుల్లో. చూసి వేశానంటే ఫొటో తీసినట్టే కదా అనేవారు.” ఆయన గొంతులో తప్పు చేసిన జంకు లేదు. పాత సంగతి గుర్తొచ్చిన ఉత్సాహమే ఉంది. “ఎంత బాగా కూర్చుందనుకున్నావు. గంటన్నర. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నా కదల్లేదు. డబ్బిచ్చి కూర్చోబెట్టిన మోడల్ కూడా అలా కూర్చోదు. ఢిల్లీలో జడ్జీలు మెచ్చుకుంది ఆ నిశ్చలతనే.”

“మీరు ఆవిణ్ణి అడిగారా?”

“అడగడమేంటి? మన పొలంలో పని చేస్తోంది.” ఆ మాట అన్నాక స్టూలు మీది కండువా మడత సరిచేశాడు. తర్వాత, “అన్నం పెట్టు,” అని లేచాడు.

వీరవేణి వడ్డించింది కానీ తను తినలేకపోయింది. తండ్రి చెయ్యి పట్టుకుని గీత గీయడం నేర్చుకుంది. ఆ బొమ్మని రోజూ మెత్తటి గుడ్డతో తుడిచింది. చూడవచ్చినవాళ్ళకి ఆ నిశ్చలత గురించి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

మంగళవారం పొద్దున కమిషనర్ హరిబాబు కబురు పంపాడు. గదిలో చైర్మన్ గణేష్‌బాబు, సర్కిల్ ఇన్‌స్పెక్టరు కూర్చుని ఉన్నారు. బల్ల మీద టైపు చేసిన కాగితం ఒకటి ఉంది.

“ఒక్క సంతకం పెట్టండమ్మా,” అన్నాడు హరిబాబు. “నిన్న ఆ టీచరు మీ దగ్గరికి వచ్చాడంట కదా.”

వీరవేణి చదివింది. కిరణ్ కుమార్ అనే వ్యక్తి చిత్రశాలకు వచ్చి, బొమ్మను ధ్వంసం చేస్తానని తనను బెదిరించినట్టు ఉంది అందులో.

“అతను బెదిరించలేదండి. ఆపుతున్నానని చెప్పాడు.”

“రెండూ ఒకటే,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “ఆపుతున్నాడంటే చింపేవాళ్ళు ఉన్నారనే కదా.”

“సంతకం పెట్టలేనండి. జరగనిది ఇది.” కాగితం వెనక్కి జరిపింది. “బొమ్మ ఒక్కదాన్ని రేపటికి దింపితే గొడవే ఉండదు కదండీ. అతను అడిగిందాంట్లో న్యాయం ఉంది.”

గణేష్‌బాబు కుర్చీలో వెనక్కి వాలాడు. “మీ నాన్నగారి బొమ్మమ్మా అది. ఆయన్ని శాలువా కప్పి సన్మానం చేద్దామని మేం చూస్తుంటే, మీరే దింపమంటారేంటి? మినిస్టరు గారు ఆ బొమ్మ ముందే జ్యోతి వెలిగించాలి.”

హరిబాబు నెమ్మదస్తుడు. ఆమెకి నచ్చజెప్పబోయాడు. “ఒకరొచ్చి అడిగారని ఒక బొమ్మ తీస్తే, రేపు ఇంకొకరు వస్తారండి. దేవుడి బొమ్మ అని ఒకళ్ళు, మా కులం బొమ్మ అని ఒకళ్ళు. ఏడాది తిరిగేసరికి మీ గోడలన్నీ ఖాళీ. అప్పుడు మేడ ఎందుకు, మీరెందుకు?”

నిన్నటిదాకా ఆమె అయినా ఎవరితోనైనా అదే అనేది. లేచి నమస్కారం పెట్టి వచ్చేసింది. వరండాలోకి వచ్చాక గదిలోంచి ఇన్‌స్పెక్టరు మాట వినబడింది. “అర్జీ మీద అడ్రసు ఉందిగా సార్. చాలు.”

బుధవారం తెల్లవారేసరికి ముసురు పట్టింది. ఎనిమిది గంటలకి వీరవేణి మేడ తలుపు తీసేటప్పటికే ఇద్దరు కానిస్టేబుళ్ళు కింద బల్ల మీద కూర్చున్నారు. వాచ్‌మన్ పోతురాజు మెట్లకి పూలదండలు చుడుతున్నాడు. ఎనిమిదిన్నరకి అతనే పైకి వచ్చి, “ఎవరో పెద్దావిడండి. మీతో మాట్లాడాలంట. పోలీసులు ఆపలేదు,” అన్నాడు.

తెల్ల చీర, తడిసిన గొడుగు, చేతిలో గుడ్డసంచి. పోల్చుకోవడానికి వీరవేణికి మచ్చ అక్కర్లేకపోయింది. ఆ మెడ వంపు ఆమెకి కళ్ళు మూసుకున్నా తెలుసు.

“మా వాణ్ణి పొద్దున్నే స్టేషన్‌కి తీసుకెళ్ళారండి,” అంది సువార్తమ్మ. “ఫంక్షన్ అయ్యేదాకా కూర్చోమన్నారంట. వాడు గొడవలు చేసేవాడు కాదు. పేటలో కుర్రాళ్ళకి ఈ సంగతి తెలిసిపోయిందండి. ఇప్పుడు వాళ్ళని ఆపేవాళ్ళెవరూ లేరు. పదింటికల్లా వస్తారు.”

వీరవేణి గడియారం చూసింది. తొమ్మిదికి పావుగంట తక్కువ.

“ఒకసారి చూడొచ్చాండి?” అని అడిగింది సువార్తమ్మ. “పోస్టరే చూశాను. అసలుది చూడలేదు.”

బొమ్మ ముందు ఆమె చాలాసేపు నిలబడింది. బయట పెంకుల మీద వాన పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత బొమ్మ వైపే చూస్తూ చెప్పింది.

“నాట్లప్పుడండి. వీడికి నాలుగో నెల. పాలివ్వడానికి గట్టెక్కి కూర్చున్నాను. బాబుగారు పుస్తకం పట్టుకుని వచ్చారు. పైట లాక్కోబోతే కదలొద్దన్నారు. కదల్లేదండి. వీడికి ఓ పక్క అయిపోయింది. రెండో పక్కకి మార్చుకోవాలి, ఏడుస్తున్నాడు. కదలొద్దన్నారు కదండీ. నారు మోసే మగాళ్ళు ఆగి చూస్తున్నారు. మా మావ, వీడి తాత, కూడా ఉన్నాడు. తల దించుకుని కాలవ వైపు వెళ్ళిపోయాడు. చనిపోయేదాకా ఆ సంగతి ఎత్తలేదు నా దగ్గర. నేనూ ఎత్తలేదు.” గొడుగు నీళ్ళు అంటిన చెయ్యి కొంగుతో తుడుచుకుంది. “లేచి పోవచ్చు కదా అనిపిస్తుందండి మీకు. మర్నాడు పనికి పిలవరు. మా ఇంట్లో ఒక్కళ్ళనీ పిలవరు.”

వీరవేణికి ఎదురుగా చీటీ మీద తన సొంత దస్తూరీలో పోస్టరు మీది ఆ వాక్యమే కనబడుతోంది.

“బొమ్మ బాగుందండి, అబద్ధం ఎందుకు,” అంది సువార్తమ్మ. “వీడి పాదం అలాగే ఉండేది. అయినా వద్దండి. కాల్చెయ్యమనట్లేదు. నలుగురు చూసే గోడ మీద వద్దు.”

వీరవేణి వెళ్ళి చీటీ పీకేసింది. తర్వాత వరండాలోకి వచ్చి పిలిచింది. “పోతురాజూ, నిచ్చెన తీసుకురా.”

నిచ్చెన తెచ్చాడు కానీ సంగతి తెలిశాక పోతురాజు వెనక్కి జరిగాడు. “నా ఉద్యోగం పోద్దమ్మా.”

“నువ్వు నిచ్చెన పట్టుకో చాలు. దింపేది నేను.”

ఆమె నిచ్చెనెక్కి తీగ కొక్కెం నుంచి తప్పించబోయింది. టేకు చట్రం బరువుకి తీగ బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో పైకి లేపితేనే గాని ఊడదు. లేపితే పట్టుకునేవాళ్ళు కావాలి. సువార్తమ్మ సంచి కింద పెట్టి, కొంగు బిగించి వచ్చి చట్రం అడుగున చేతులు పెట్టింది. “కానివ్వండి. బరువులు మాకు కొత్త కాదు,” అంది. బొమ్మ ఒక్కసారిగా ఒరిగింది. ఇద్దరూ గోడకి ఆనించి ఆపారు. వీరవేణి మోచెయ్యి చెక్కుకుపోయింది. అప్పుడు పోతురాజు నిచ్చెన వదిలేసి వచ్చి మూడో పక్క పట్టుకున్నాడు.

ముగ్గురూ మోసుకెళ్ళి స్టోరు గదిలో, గోడ వైపు తిప్పి నిలబెట్టారు. దుప్పటి కప్పి, తాళం వేసి, తాళంచెవి వీరవేణి జాకెట్లో పెట్టుకుంది. ఖాళీ అయిన చోట నలభై మూడో నంబరు, సామర్లకోట పంచదార ఫ్యాక్టరీ బొమ్మ తగిలించింది. అది చిన్నది. ఏడో నంబరుని దింపకుండానే గోడకి సున్నం వేశారు గనక, చుట్టూ పాత సున్నం రంగు నాలుగు వైపులా బయటపడింది.

“మీరు పేటకి ఫోన్ చేయించగలరా?” అని అడిగింది సువార్తమ్మని. “దింపేశామని చెప్పండి. వాళ్ళు రాకుండా చూడండి.”

చర్చి పక్క ఎస్టీడీ బూత్ నంబరు సువార్తమ్మకి నోటికి వచ్చు. బల్ల మీది ఫోన్లో గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. ఫోన్ పెట్టేసేసరికి కింద జీపు ఆగిన చప్పుడు వినబడింది.

హరిబాబు గుమ్మంలోనే ఆగిపోయాడు. గోడ వైపు చూసి, వీరవేణి వైపు చూశాడు.

“ఏదండీ అది?”

“స్టోర్లో ఉందండి.”

“తాళం ఇవ్వండి.”

“ఇవ్వనండి.”

“ఇప్పుడే సస్పెండ్ చేస్తాను మిమ్మల్ని.”

“రాసివ్వండి, తీసుకుంటాను. తాళం మాత్రం ఫంక్షన్ అయ్యాకే.”

“పగలగొట్టిస్తాను.”

“పగలగొట్టించండి. విలేకరులు కింద టిఫిన్ చేస్తున్నారు. సుత్తి చప్పుడు వినబడితే వాళ్ళే పైకొస్తారు. బొమ్మలో ఉన్నావిడ ఇక్కడే ఉన్నారు. ఆవిణ్ణి అడిగితే అంతా ఆవిడే చెబుతారు.”

హరిబాబు అప్పుడు చూశాడు సువార్తమ్మని. అర్జీ చదివాడే గానీ మనిషిని చూడలేదు. ఆమె నమస్కారం పెట్టింది. తిరిగి పెట్టాలో అక్కర్లేదో తేలక ఆయన చెయ్యి సగంలో ఆగింది. ఇన్‌స్పెక్టరు వెనక నుంచి ఏదో అనబోతే వద్దని సైగ చేశాడు. గడియారం పదిన్నర చూపిస్తోంది. పేట నుంచి ఎవరూ రాలేదు.

“దీని సంగతి తర్వాత చూస్తాను,” అని మాత్రం అన్నాడు.

మినిస్టరు గారు ముప్పావుగంట ఆలస్యంగా వచ్చారు. పంచదార ఫ్యాక్టరీ బొమ్మ ముందే జ్యోతి వెలిగించారు. చేతిలో ఉన్న ఇన్విటేషన్ తిరగేసి, దాని మీది బొమ్మ చూపిస్తూ, “ఇదేదండీ, కనబడదేం?” అని అడిగారు. గణేష్‌బాబు మొహం నల్లబడింది. వెంకటరాజు ఇస్త్రీ పంచెలో, ముందు వరసలో కూర్చుని, ఆ గోడనే చూస్తున్నాడు.

“రిపేర్లో ఉందండి,” అన్నాడు హరిబాబు.

“అలాగా,” అని ఆయన పక్క బొమ్మకి నడిచారు. అంతే.

కిరణ్ కుమార్‌ని సాయంత్రం నాలుగింటికి వదిలారు. శుక్రవారం వీరవేణికి మెమో వచ్చింది. సోమవారానికి ఆమెని జనన మరణాల విభాగానికి మార్చారు. బొమ్మల మేడ తాళాలు ఇంకో గుమస్తాకి అప్పగించింది. ఏడో నంబరు మాత్రం మళ్ళీ గోడెక్కలేదు. ఒక మహిళా కౌన్సిలరు కిరణ్ కుమార్ ఇచ్చిన అర్జీని మీటింగులో చదివించింది. సువార్తమ్మ ఒప్పుకుంటేనే ఆ బొమ్మని ప్రదర్శించాలని తీర్మానం జరిగింది. ఎలక్షన్లు దగ్గరపడుతున్నాయి కనుక గణేష్‌బాబు కూడా చెయ్యెత్తాడు.

ఇంట్లో సంగతి అంత తేలిగ్గా తెమల్లేదు. సువార్తమ్మ చెప్పిందంతా వీరవేణి ఆ బుధవారం రాత్రే తండ్రికి చెప్పింది. “కల్పన,” అన్నాడాయన. ఆ తర్వాత మూడు నెలలు కూతురితో మాట్లాడలేదు. అన్నం దగ్గర కంచం జరిపేవాడు, అంతే. పెళ్ళి కాని కూతురు, భార్య పోయిన తండ్రి. ఆ ఇంట్లో ఉన్న ఇద్దరి మధ్యా మాట లేకపోతే గోడ గడియారమే మాట్లాడాలి.

కార్తీకంలో ఒక పొద్దున ఆయన కండువా వేసుకుని వచ్చి, “చినలంక తీసుకెళ్ళు,” అన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు.

సువార్తమ్మ అరుగు మీద కూర్చుని లేసు అల్లుతోంది. వాళ్ళని చూసి లేవలేదు. కిరణ్ కుమార్ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. ఆయన కూర్చోకుండా కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు.

“మిమ్మల్ని అడగాల్సిందండి ఆ రోజు,” అన్నాడు.

ఆ పేటలో మనిషిని ఆయన అండీ అనడం వీరవేణి ఎన్నడూ వినలేదు. చిన్నప్పుడు తనని ఎత్తుకున్న ముసలివాళ్ళని కూడా ఆయన ఏరా, ఏమే అనే పిలిచేవాడు.

సువార్తమ్మ వరస పూర్తయ్యేదాకా సూది ఆపలేదు. “ఇప్పుడడిగినా వద్దనే చెబుతానండి,” అంది.

“అలాగేనండి,” అన్నాడాయన. కుర్చీ చెయ్యి పట్టుకుని అప్పుడు కూర్చున్నాడు.

కిరణ్ కుమార్ తల్లి వైపు చూశాడు. ఆమె కొత్త దారం ఎక్కిస్తోంది. వద్దనకపోయేసరికి అతను లోపలికెళ్ళి టీకి నీళ్ళు పెట్టాడు.